విశాఖ ఇళ్లలో నీటిధార: చెమ్మ పెరగకుండా స్పా ప్రశాంతత తెచ్చుకోవడం ఎలా?

ఇంట్లో చిన్న నీటిధార అమర్చుకోవాలనుకునేవారు దాదాపు అందరూ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల గది చల్లబడుతుందా? విశాఖపట్నంలో ఉండేవారికి సూటిగా చెప్పవలసిన జవాబు, చల్లబడదు. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాక్కుంటుంది కాబట్టి, పొడిగాలి వీచే అనంతపురంలోనో కర్నూలులోనో ఆ ఉపాయం కొంత పనిచేస్తుంది. సంవత్సరంలో ఎక్కువ కాలం గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూ ఉండే మన తీరంలో నీరు సులువుగా ఆవిరి కాదు, అయిన కాస్తా ఉక్కపోతకే తోడవుతుంది. మే నెలలో ఎయిర్ కూలరు కొని విసిగిపోయినవారికి ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

అయితే స్పాలో కలిగే ఊరట చల్లదనం ఒక్కదానివల్ల వచ్చేది కాదు. తెగకుండా వినిపించే సన్నని నీటి చప్పుడు, కంటికి గుచ్చుకోని వెలుతురు, పొడిగా శుభ్రంగా ఉన్న నేల, ఘాటు లేని వాసన అన్నీ కలిసి ఆ వాతావరణాన్ని తెస్తాయి, ఇవన్నీ మన ఇంట్లో సాధ్యమే. అందుచేత ఇక్కడ చెప్పే పద్ధతి అంతటికీ ఒకే సూత్రం: నీరు తక్కువగా ఉండాలి, చప్పుడు సరిపడా ఉండాలి, దాని చుట్టూ అంతా పొడిగా ఉండాలి.

ముందు రకం తేల్చుకోండి

గాజు పలక లేదా రాతి పలక మీదుగా నీరు పల్చగా జారే గోడ ఫౌంటెన్లు హోటళ్ల లాబీల్లో హుందాగా కనిపిస్తాయి. ఇళ్లకు వాటిని నేను సిఫారసు చేయను. తడిసిన ఉపరితలం ఎంత విశాలంగా ఉంటే గదిలోకి అంత తేమ చేరుతుంది. పైగా బోరు నీటితో నడిపితే పలక నిండా తెల్లచారలు కట్టి, కొన్నాళ్లకే పాతబడినట్లు కనిపిస్తుంది.

పొగమంచులా తెల్లని తుంపరను వదిలే అల్ట్రాసోనిక్ గిన్నెల విషయంలో ఇంకా గట్టిగా వద్దని చెప్పాలి. అవి నీటిని ఆవిరి చేయవు, అతి సన్నని బిందువులుగా చీల్చి గాలిలోకి చిమ్ముతాయి. ఆ నీటిలోని లవణాలు టీవీ మీద, పుస్తకాల మీద తెల్లని పొడిగా వాలుతాయి. నీటిలో సూక్ష్మజీవులుంటే అవి కూడా అదే దారిన మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. లెజియోనెల్లా అనే బాక్టీరియా సుమారు 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వేడిలో నిలవ నీటిలో బాగా పెరుగుతుంది, విశాఖలో గది ఉష్ణోగ్రత సంవత్సరంలో ఎక్కువ రోజులు ఆ పరిధిలోనే ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు, బాగా పెద్దవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో ఈ రకం పరికరానికి చోటివ్వకండి.

ఇంటికి అనువైనది, చవకైనది, చెడిపోతే మనమే బాగుచేసుకోగలిగినది ఒక తొట్టి, అందులో చిన్న పంపు, పైన ఒక రాతి రోలు లేదా లోహపాత్ర ఉన్న అమరిక. అటక మీద మూలపడిన పచ్చడి నూరే చిన్న రోలు ఈ పనికి ఎంతో బాగుంటుంది. లోహం ఇష్టపడేవారు ఉరళి (వెడల్పు మూతి ఉన్న లోహపు గిన్నె) గాని చిన్న గంగాళం గాని వాడుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే కంచు, ఇత్తడి పాత్రలు ఇందుకు అందంగా ఉంటాయి. ఇత్తడి మీద ఉప్పునీరు పడితే పచ్చని చిలుము పడుతుందని, వారానికోసారి చింతపండుతో తోమే ఓపిక ఉంటేనే దానికి పూనుకోవాలని గుర్తుంచుకోండి.

కరెంటే వద్దనుకునేవారికి ధారాపాత్ర ఉంది. శివాలయాల్లో లింగం పైన వేలాడదీసే పాత్ర పద్ధతిలోనే, అడుగున సన్నని రంధ్రం ఉన్న చిన్న కుండను ముక్కాలి చట్రానికి వేలాడదీసి, రంధ్రంలో నూలు వత్తి దూర్చి, కింద నీరున్న వెడల్పాటి గిన్నె ఉంచితే చుక్క తర్వాత చుక్క పడుతూ ఉంటుంది. వత్తి బిగువును బట్టి చుక్కల వేగం మారుతుంది. అద్దె ఇళ్లకు, స్నానాల గదికి ఇదే మేలైనది. కింది దశల్లో పంపుకూ కరెంటుకూ సంబంధించినవి వదిలేసి, చోటు, నీరు, శుభ్రత గురించి చెప్పినవన్నీ దీనికీ వర్తింపజేసుకోండి.

కావలసినవి

• సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ఉన్న సిరామిక్, ఫైబర్ లేదా గట్టి ప్లాస్టిక్ తొట్టి ఒకటి. మట్టి గోళెం అయితే లోపల గ్లేజు ఉన్నది కావాలి; లేకపోతే అడుగున చెమ్మ ఊరుతూనే ఉంటుంది.
• చిన్న రోలు లేదా ఉరళి, దాన్ని నిలబెట్టడానికి రెండు ఇటుకలు, ఒక ప్లాస్టిక్ జాలీ. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో స్టీలు జాలీ మీద కూడా చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది కనుక ప్లాస్టిక్‌దే మంచిది.
• అడాప్టరుతో నడిచే 12 వోల్టుల చిన్న పంపు. గంటకు 200 నుంచి 300 లీటర్లు ఎత్తేది చాలు. అక్వేరియం సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. అక్కడే పంపు మూతికి సరిగ్గా సరిపోయే గొట్టం ఒక మీటరు కొనండి. గొట్టాన్ని కంటిచూపుతో అంచనా వేయకుండా పంపు మూతికి తొడిగి చూసి తీసుకోవాలి.
• నున్నని గులకరాళ్లు అయిదారు కిలోలు, పాత హవాయి చెప్పు ఒకటి, గట్టి కుచ్చు బ్రష్షు, నిమ్మ ఉప్పు, గదిలో తేమను చూపించే చిన్న డిజిటల్ మీటరు.

గులకరాళ్లను బీచ్ నుంచి ఏరి తెచ్చుకుంటామని చాలామంది అంటారు. తీరంలోని రాళ్లను అక్కడే ఉండనివ్వడం మంచిది. పైగా వాటిలో పట్టిన ఉప్పు ఎన్ని నీళ్లలో కడిగినా చాలాకాలం ఊరుతూ పంపును తినేస్తుంది. నర్సరీల్లో అమ్మే నది గులకరాళ్లు కొనుక్కోండి.

చేసే విధానం

1. చోటు నిర్ణయించండి. మీరు సాయంత్రం కూర్చునే కుర్చీకి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో, గోడకు కనీసం 15 సెంటీమీటర్ల ఎడంగా, చల్లని నున్నని టైల్స్ నేల మీద ఉండాలి. చెక్క అల్మరా, పుస్తకాల బీరువా, లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు, గోడ మీది స్విచ్చుబోర్డు వీటి పక్కన పెట్టకండి. వానాకాలంలో చెమ్మ ఊరే బయటి గోడ ఉంటే దానికి దూరంగా జరపండి. సీలింగ్ ఫ్యాను సరిగ్గా పైన ఉంటే తుంపర చెదురుతుంది, నీరు త్వరగా తగ్గిపోతుంది కూడా. ఈశాన్యంలోనే ఉండాలా అని అడిగేవారికి నా సలహా ఏమిటంటే, అక్కడ పైన చెప్పినవన్నీ కుదిరితే సంతోషంగా పెట్టుకోండి, కుదరకపోతే తడిసే గోడకంటే మరో మూల నయం.

బరువు కూడా చూసుకోవాలి. నివాస గృహాల అంతస్తులను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం తట్టుకునేలా లెక్కిస్తారు. తొట్టి, నీరు, రాళ్లు, చిన్న రోలు కలిసి 40 కిలోలకు మించవు కాబట్టి భయం లేదు; అదే నిండు రుబ్బురోలును అపార్టుమెంటు పై అంతస్తుకు మోయించాలనే ఆలోచన ఉంటే మానుకోండి.

2. పాత్రలు కారుతున్నాయేమో పరీక్షించండి. తొట్టిని పాత వార్తాపత్రిక మీద ఉంచి, అంచుకు రెండు వేళ్ల కిందివరకు నీరు నింపి, ఒక రోజంతా వదిలేయండి. కాగితం మీద తడి మరక కనిపిస్తే ఆ తొట్టిని మొక్కలకు ఇచ్చేయడమే మంచిది. సీలెంటు పూసి సరిచేయవచ్చు గాని, ఎక్కడో ఒకచోట మళ్లీ ఊరుతుంది. రోలును బ్రష్షుతో నీటిలో బాగా రుద్ది, పాత కారం, నూనె జిడ్డు పూర్తిగా పోయేదాకా రెండు మూడు సార్లు కడగండి. జిడ్డు మిగిలితే నీటిపై తెట్టు కట్టి నురగ వస్తుంది.

3. పంపును బకెట్లో నడిపి చూడండి. తొట్టిలో అమర్చాక తప్పు తెలిస్తే అన్నీ విప్పాలి. పంపుకు గొట్టం తొడిగి, గొట్టం చివరను రోలు ఎంత ఎత్తులో ఉండబోతోందో అంత ఎత్తున పట్టుకుని, ఒక లీటరు మగ్గు ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 12 సెకన్లు పడితే గంటకు 300 లీటర్లు, 18 సెకన్లు పడితే 200 లీటర్లు. పెట్టె మీద రాసిన లీటర్లు ఏమాత్రం ఎత్తు లేనప్పటివి. ఎత్తు పెరిగేకొద్దీ అవి తగ్గుతూ, పెట్టె మీద రాసిన గరిష్ఠ ఎత్తు దగ్గర ధార పూర్తిగా ఆగిపోతుంది. అందుకే కొలిచి చూడమని చెప్పడం. పంపును ఎన్నడూ నీరు లేకుండా నడపకండి, కొద్ది నిమిషాల్లోనే పాడైపోతుంది.

4. అమర్చండి. హవాయి చెప్పు రబ్బరును పంపు అడుగు కొలతకు కోసి తొట్టి మధ్యలో వేసి, దాని మీద పంపు ఉంచండి. పంపు గాని గొట్టం గాని తొట్టి గోడను తాకకూడదు. తాకితే ఆ చిన్న అదురు తొట్టిలో మారుమోగి, నీటి చప్పుడును మించిపోతుంది. అటూ ఇటూ ఇటుకలు నిలబెట్టి, వాటి మీద జాలీ, జాలీ మీద రోలు పెట్టండి. గొట్టాన్ని రోలు వెనుక నుంచి పైకి తెచ్చి, గుంటలోకి వంచి, రెండు గులకరాళ్లతో అదిమి దాచండి. రోలుకు రంధ్రం తొలిపించవలసిన పని లేదు. గుంట నిండి పొంగి, నీరు రాతి అంచు మీదుగా జారుతుంది. ఒకవైపే జారాలంటే ఎదుటి వైపు అడుగున సన్నని చెక్క గాని రబ్బరు ముక్క గాని పెట్టి కొద్దిగా వాల్చండి. చివరగా జాలీ మీద గులకరాళ్లు పరచండి.

ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఈ రాళ్ల పొర అందం కోసం కాదు. పాకే వయసు పిల్లలకు నాలుగు వేళ్ల లోతు నీరు కూడా ప్రాణాపాయమే. జాలీ కదలకుండా తొట్టి అంచులకు కట్టివేసి, తెరిచి ఉన్న నీరు ఎక్కడా లేకుండా కప్పేయాలి. అలా కుదరకపోతే పిల్లలు పెద్దయ్యేదాకా ఆగండి.

5. కరెంటు కలపండి. ఇక్కడ తొందర వద్దు. 12 వోల్టుల పంపు ఎంచుకోవడానికి కారణమే ఇది: నీటిలోకి దిగేది ప్రమాదం తక్కువైన విద్యుత్తు, గోడ దగ్గర ఉండే అడాప్టరు వరకే 230 వోల్టులు వస్తాయి. అడాప్టరు నీటి మట్టం కంటే ఎత్తులో, తొట్టికి దూరంగా ఉన్న సాకెట్లో ఉండాలి. తీగ నేరుగా సాకెట్లోకి పోకుండా మధ్యలో కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి. అప్పుడు తీగ వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కింద రాలిపోతుంది, సాకెట్లోకి చేరదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద పడేసి వాడటం ఈ అమరికలో అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు.

కూలరు పంపు వంటి 230 వోల్టుల పంపే మీ దగ్గర ఉంటే, మూడు పిన్నుల ప్లగ్, పనిచేసే ఎర్తింగ్, ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్చు) ఈ మూడూ ఉన్నాయని ఎలక్ట్రీషియన్ చేత చూపించుకున్న తర్వాతే వాడండి. ఏ పంపు అయినా సరే, ప్లగ్ పీకకుండా నీటిలో చేయి పెట్టకండి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ప్లగ్ పిన్నులు నల్లబడతాయి, నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి.

కరెంటు ఖర్చు భయపెట్టేది కాదు. 5 వాట్ల పంపు రోజుకు మూడు గంటల చొప్పున నడిస్తే నెలకు అర యూనిట్ కూడా కాదు. 18 వాట్ల కూలరు పంపు అయితే ఒకటిన్నర యూనిట్ దాటుతుంది.

6. నీరు పోయండి. మున్సిపల్ కుళాయి నీరు చాలు. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా బోర్లలో నీరు కఠినంగానో ఉప్పగానో ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే చూడండి. తాగునీటికి భారత ప్రమాణాలు చెప్పే వాంఛనీయ పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు, అది దాటిన నీటితో రాతి మీద తెల్లపూత త్వరగా కడుతుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీటిని వృథా చేయడం ఎందుకని దీనిలో పోస్తే లవణాలు ఇంకా ఎక్కువై పంపు బిగుసుకుంటుంది. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి, గుడ్డలో వడకట్టి రాతి, సిరామిక్ అమరికల్లో వాడుకోవచ్చు; దుమ్ము మాత్రం ఉంటుంది, వారం వారం మార్చక తప్పదు. పంపు మీద కనీసం నాలుగు వేళ్ల ఎత్తు నీరు నిలవాలి. నిండిన మట్టం దగ్గర తొట్టి లోపల ఒక గీత గీయండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

7. చప్పుడును సరిచేసుకోండి. మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసినది దీనికే, ఎక్కువమంది అసలు పట్టించుకోనిది కూడా ఇదే. అనంతగిరి కొండల్లో కటికి జలపాతం హోరు వినడానికి బాగుంటుంది గాని, దాన్ని పది అడుగుల గదిలోకి తెస్తే అరగంటలో తలనొప్పి వస్తుంది. మీకు కావలసింది సింహాచలం కొండ మీద గంగధార దగ్గరో మాధవధార దగ్గరో రాతి మీదుగా సన్నగా జారే నీటి చప్పుడు.

నీటి చప్పుడును మార్చేవి మూడు: ఎంత ఎత్తునుంచి పడుతోంది, దేని మీద పడుతోంది, ఎంత నీరు పడుతోంది. నీరు లోతైన నీటిలో పడినప్పుడు గాలిబుడగలు చిక్కుకుని గుండ్రని, లోతైన ధ్వని వస్తుంది. ఉత్త రాతి మీద పడితే చిటపట ఎక్కువ, తుంపరా ఎక్కువ. కనుక నీరు జారే వైపున గులకరాళ్లను పక్కకు తప్పించి, అరచేయంత మేర తెరిచిన నీరు వదలండి. పసిపిల్లలున్న ఇంట్లో ఈ ఖాళీ వదలకూడదు, చిటపటతోనే సరిపెట్టుకోవాలి. రోలు అంచు నుంచి నీరు రాతికి అంటుకుని మౌనంగా జారిపోతుంటే, అంచున ఒక పలుచని రాతి పెంకు బయటికి వచ్చేలా ఇరికించండి. నీరు దాని కొస నుంచి విడివడి పడుతుంది. ఆ కొసకూ నీటి మట్టానికీ మధ్య అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఉంటే చాలు. పదిహేను దాటితే తుంపర తొట్టి బయటికి వస్తుంది. నీరు ఎంత ఎత్తు నుంచి విడిగా పడుతుందో తొట్టి వెడల్పు కనీసం దానికి రెట్టింపు ఉండాలని స్థూలంగా లెక్క పెట్టుకోవచ్చు.

ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. రాయి జరిపి, కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు వినండి; తొట్టి పక్కన నిలబడి విన్నదానికీ కూర్చున్నచోట విన్నదానికీ ఎంతో తేడా ఉంటుంది. పక్కన కూర్చున్నవారితో గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి, అదే సమయంలో వీధిలో ఆటో హారను మునుపటంత పదునుగా వినిపించకూడదు. ఈ రెండూ కుదిరినచోట ఆగిపోండి. ధార ఎక్కువగా ఉంటే పంపు మీది చిన్న తిప్పుడు మీటతో తగ్గించండి. మీట లేని పంపు అయితే గొట్టాన్ని చిన్న క్లిప్పుతో కాస్త నొక్కవచ్చు.

8. గదిని సిద్ధం చేయండి. తొట్టి వెనుక నేల మీద పసుపుఛాయ ఉన్న వెలుతురు, 2700 కెల్విన్ల బల్బు, ఒకటి చాలు. రంగులు మారే లైట్లు వద్దు, అవి పెళ్లిపందిరికి బాగుంటాయి. ట్యూబులైటు ఆర్పేయండి. సుగంధ తైలాలను ఎట్టి పరిస్థితిలోనూ ఆ నీటిలో కలపకండి. నూనె నీటిపై తేలి జిడ్డు కడుతుంది, పంపు ప్లాస్టిక్‌నూ గొట్టాన్నీ పాడుచేస్తుంది. వాసన కావాలంటే తడిపిన వట్టివేరు కట్టను వేరే పళ్లెంలో పెట్టండి, లేదా మల్లెలు, మరువం వేరే గిన్నెలో ఉంచండి. పూరేకులు పంపున్న నీటిలో వేస్తే ఒక్క సాయంత్రంలోనే జల్లెడకు అడ్డం పడతాయి. దగ్గరలో మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు వంటి మొక్కలు వేరే కుండీల్లో ఉండవచ్చు. కిటికీ కాస్త తెరిచి, సాయంత్రం గంట రెండు గంటలు నడిపి, ఆపేయండి. వృద్ధులు నిద్రపోయే గదిలో రాత్రంతా నడిపితే, ఆ చప్పుడు కొందరి నిద్రకు అడ్డు కావచ్చు. అందుకే హాలులో పెట్టుకోవడం నయం.

9. శుక్రవారం శుక్రవారం ఖాళీ చేయండి. ఈ దశ పాటించే ఓపిక లేకపోతే మొదటి ఎనిమిదీ చేయవద్దు. డెంగ్యూను మోసే ఈడిస్ దోమ మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. మన వేడికి గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం నుంచి పది రోజులు చాలు. పంపు ఆడుతున్నంతసేపూ కదిలే నీరు దోమకు నచ్చకపోవచ్చు గాని, ఆపిన తర్వాత మిగిలిన ఇరవై రెండు గంటలూ అది నిలవ నీరే. ఆరోగ్య సిబ్బంది శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమని చెప్పేది ఇందుకే, ఆ రోజునే దీనికీ కేటాయించుకోండి.

నీరు పారబోయడంతో పని పూర్తయినట్లు కాదు. ఈడిస్ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి, నీరు లేకపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి తొట్టి లోపలి గోడను, ముఖ్యంగా నీటి మట్టం ఉన్నచోట, కుచ్చు బ్రష్షుతో గట్టిగా రుద్దాలి. గులకరాళ్లను బకెట్లో వేసి కలియబెట్టి కడగాలి. పంపు ముందు మూత తీసి, లోపలి చక్రాన్ని బయటికి లాగి, పట్టిన జిగురును పాత పళ్ల బ్రష్షుతో తోమాలి. పారబోసిన నీరు కుండీలకు పోయవచ్చు.

నెలకోసారి తెల్లపూత వదిలించడానికి ఒక లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, అందులో పంపు విడిభాగాలను అరగంట నానబెట్టి కడగండి. నున్నని పాలిషు చేసిన పాలరాయికి, సున్నపురాయికి ఈ నీరు తగలనివ్వకండి, మరకలు పడతాయి. నల్లరాతి రోలుకు ఇబ్బంది లేదు. తొట్టికి నాచు పట్టి బ్లీచింగ్ వాడవలసి వస్తే అది వేరే రోజు చేయండి. బ్లీచింగూ నిమ్మ ఉప్పూ, లేదా బ్లీచింగూ వెనిగరూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఇత్తడి, కంచు పాత్రలకు బ్లీచింగ్ అసలే వద్దు.

ఫలితం సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మొదటి సాయంత్రం తొట్టి చుట్టూ వార్తాపత్రికలు పరిచి రెండు గంటలు నడపండి. చుక్కలు ఎంతదూరం పడ్డాయో కాగితమే చూపిస్తుంది; తొట్టి అంచు దాటి ఒక్క చుక్క పడినా ధార తగ్గించండి లేదా రాతి పెంకును లోపలికి జరపండి. తడిసిన టైల్స్ మీద జారిపడటం ఈ అమరికతో వచ్చే మరో పెద్ద ప్రమాదం.

తేమ మీటరును తొట్టికి దూరంగా, మీరు కూర్చునేచోట ఉంచి, నడపడానికి ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూడండి. మూడు శాతం లోపు పెరిగితే పట్టించుకోనక్కరలేదు. అయిదు దాటితే కిటికీ తెరవండి లేదా నడిపే సమయం తగ్గించండి. ఏసీ నడిచే గదిలో ఏసీయే తేమను లాగేస్తుంది కాబట్టి ఈ చిక్కు కనిపించదు. అక్టోబరులో ముసురు పట్టి బట్టలు ఆరని రోజుల్లో అసలు నడపకపోవడమే మంచిది; డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా నడుపుకోవచ్చు.

వెనుక గోడ మీద అనుమానం ఉంటే, అల్యూమినియం రేకు కాగితాన్ని అడుగు మేర నాలుగువైపులా టేపు వేసి అతికించి రెండు రోజులు ఉంచండి. గది వైపు తడి కనిపిస్తే గదిలో తేమ ఎక్కువైనట్లు. గోడ వైపు కనిపిస్తే చెమ్మ గోడలోనుంచే వస్తోంది, మీ నీటిధార తప్పు కాదు, బయటి ప్లాస్టరో పైన బాత్రూము పైపో చూపించుకోవాలి.

తొట్టిలో గీసిన గీత కూడా ఉపయోగపడేది ఇప్పుడే. రోజూ కొద్దికొద్దిగా మట్టం తగ్గడం సహజం. ఎప్పుడూ లేనిది ఒక్క రోజులో రెండు వేళ్లు తగ్గితే అది ఆవిరి కాదు, గొట్టం వెంట గాని రోలు వెనుక నుంచి గాని నీరు బయటికి జారుతోంది. చేతితో తడిమితే దొరుకుతుంది. ప్లగ్ పీకిన తర్వాతే తడమండి.

పంపు హమ్ అని మోగుతుంటే నాలుగు కారణాలు వరుసగా చూడండి: నీరు తగ్గిందా, లోపల గాలి చిక్కుకుందా, రబ్బరు జరిగిందా, చక్రానికి వెంట్రుక గాని ఇసుక గాని పట్టిందా. గాలి అయితే పంపును నీటిలోనే అటూ ఇటూ వంచితే బుడగలు బయటికి వస్తాయి. చప్పుడు చాలలేదని పెద్ద పంపు కొనడం అందరూ చేసే పొరపాటు. పెద్ద పంపుతో నీటి చప్పుడు కంటే యంత్రం చప్పుడే ముందు పెరుగుతుంది. లోపం దాదాపు ఎప్పుడూ రాతి అంచు దగ్గరే ఉంటుంది, ఏడో దశకు తిరిగి వెళ్లండి. నీరు వాసన వేస్తే అగరుబత్తి వెలిగించి కప్పిపుచ్చకుండా, ఆ పూటే పారబోసి, రాళ్లతో సహా అన్నీ తోమి ఎండలో ఆరబెట్టండి.

ఊరు వెళ్లేటప్పుడు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

రెండు రోజులకు మించి ఇల్లు తాళం వేసేటట్లయితే తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, తోమి, తుడిచి బోర్లించండి. తుపాను హెచ్చరిక వస్తే కూడా అలాగే చేసి, అడాప్టరును సాకెట్ నుంచి తీసి ఎత్తైన చోట పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కదలని నీరు ఇంట్లో ఉండటం ఎవరికీ మంచిది కాదు.

పంపును తడిగా సంచిలో చుట్టి దాచకండి. తిరిగి వచ్చి నేరుగా నడిపితే, లోపల ఎండిన లవణాలకు చక్రం బిగుసుకుని తిరగకుండా వేడెక్కుతుంది. ముందుగా నిమ్మ ఉప్పు నీటిలో అరగంట నానబెట్టి, చక్రం వేలితో తిప్పితే సులువుగా తిరుగుతోందని చూసుకుని, బకెట్లో ఒకసారి నడిపిన తర్వాతే మళ్లీ తొట్టిలో దించండి.